లంకలో వుంటూ ద్వీపం చూడని పిల్లవాడు
(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



చిన్న తరగతుల పిల్లల పాఠాల్లో వచ్చే పెద్ద పెద్ద మాటల గురించి ఈ పూట మీతో నాలుగు ముక్కలు చెప్పాలని వచ్చాను. ఇది బళ్ళో పంతులమ్మలు చూసుకోవలసిన పని గదా, మాకెందుకు అని రేడియో కట్టెయ్యకండి. ముప్పై యెనిమిదేళ్ళు నేనూ పంతులమ్మగానే పని చేశాను. ఈ పనిలో బడి చెయ్యలేనిది, వంటింట్లో మీరు చెయ్యగలిగినది చాలా వున్నదని ఆలస్యంగా తెలుసుకున్నాను.

మా పక్క ఫ్లాటులో ఒక అమ్మాయి వుంది. ఆమె కొడుకు నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఒక సాయంత్రం పిల్లవాడి లెక్కల పేపరు పట్టుకొచ్చింది. కళ్ళు యెర్రగా వున్నాయి. "పిన్నిగారూ, వీడికి ఇరవైకి తొమ్మిదొచ్చాయి. ట్యూషన్లో వేసేద్దామంటున్నారు ఆయన. తెలుగు మీడియంలో చదివినదాన్ని, నాకేం తెలుస్తుంది చెప్పండి?" అంది.

పేపరు చూశాను. భాగహారం శుభ్రంగా చేశాడు. 23ని 5తో భాగించి పైన 4 వేశాడు, కింద 3 మిగిల్చాడు. దాని కిందనే రిమైండరు రాయమని అడిగారు. అక్కడ ఖాళీ. అలాంటివే మరో నాలుగు ఖాళీలు. పిల్లవాణ్ణి పిలిచి, "ఇక్కడ ఎందుకు రాయలేదు నాన్నా?" అని అడిగాను.

"రిమైండరంటే డాడీ ఫోన్లో మోగేది గదా అమ్మమ్మా! అది లెక్కలో ఎక్కడుంటుంది?" అన్నాడు.

తల్లి ముందు నవ్వేసింది. వెంటనే ముఖం చిన్నబోయింది. మధ్యాహ్నం "నీకు బుర్రలేదు" అని తిట్టి, ఒకటి వేసిందట కూడాను. పిల్లవాడికి లెక్క వచ్చు. రానిది ఒక్క మాట. ఆ ఒక్క మాట రానందుకు వాడికి బుర్రలేదని బడీ అంది, తల్లీ అంది. రెండు రోజులు పోతే వాడూ అదే అనుకుంటాడు. నా భయమల్లా అక్కడే.

ఆమెను నేనేమీ అనలేదు. అనే అర్హత నాకు లేదు మరి. ఎందుకో చెబుతాను.

1984లో నేను గోదావరి పక్క ఒక సమితి స్కూల్లో పని చేస్తున్నాను. నాలుగో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. మా క్లాసులో ఒక పిల్లవాడు రోజూ పడవ దాటి వచ్చేవాడు. బట్టలు మోకాళ్ళదాకా తడిసి వుండేవి. డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చి, ఆ పిల్లవాణ్ణే లేపి "ద్వీపమనగా నేమి?" అని అడిగారు. వాడు చేతులు కట్టుకుని, "నాలుగు వైపులా నీటిచే ఆవరింపబడిన భూభాగమును ద్వీపమందురు" అని గడగడా అప్పజెప్పాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది.

ఇన్‌స్పెక్టరుగారు ఊరుకోలేదు. "నువ్వెప్పుడైనా ద్వీపం చూశావా?" అన్నారు.

"లేదండి."

"మీ వూరేది?"

"అవతల లంకండి. పడవ మీద వస్తానండి."

"మీ లంక చుట్టూ ఏముంటుంది?"

"గోదారండి."

ఇన్‌స్పెక్టరుగారు నావైపు చూశారు. ఏమీ అనలేదు. అనివుంటే బాగుండేది. పిల్లవాడు మాత్రం ఇంకా తలవంచుకునే నిలబడ్డాడు, ఏం తప్పు చెప్పానా అని. పుట్టినప్పటినుంచీ ద్వీపంలో వుంటున్నాడు, వరదొస్తే ద్వీపంలోనే చిక్కుకుపోతున్నాడు, కాని ద్వీపమంటే పుస్తకంలో వుండే వస్తువనుకున్నాడు. వాడికి అంతకు ముందు యూనిట్ పరీక్షలో ఆ ప్రశ్నకి పూర్తి మార్కులు వేసింది నేనే.

ఆ మర్నాడు క్లాసంతటినీ ఏటిగట్టు మీదికి తీసుకుపోయాను. "అదిగో వాళ్ళ లంక. మనం లంక అంటాం, పుస్తకం ద్వీపమంటుంది" అని చెప్పాను. తరవాత పటం పరిచి, ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, కింద సముద్రం చూపించి, కోనసీమ చుట్టూ వేలు పెట్టి గీయమన్నాను. ఆ పడవ పిల్లవాడు తనంత తానే, "అయితే కోనసీమంతా పెద్ద లంకేనాండీ?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు.

ఇప్పుడు ఫోను రిమైండరు పిల్లవాడికీ, లంక పిల్లవాడికీ పోలిక చూడండి. ఒకడికి వస్తువు తెలుసు, మాట తెలియదు. రెండోవాడికి వస్తువూ తెలుసు, మాటా వచ్చు, రెంటినీ కలిపేవాళ్ళు లేరు. కలపడానికి ఇంగ్లీషు అక్కర్లేదు, డిగ్రీలు అక్కర్లేదు.

పక్కింటి అమ్మాయికి నేను చెప్పింది ఇదే. "ఆ పేపరు పక్కన పెట్టు. డబ్బాలో జంతికలున్నాయా?" అన్నాను. ఇరవైమూడు లెక్కపెట్టించాం. అయిదు పళ్ళాలు పెట్టాం. పిల్లవాడు తలా ఒకటి చొప్పున వేసుకుంటూ పోయాడు. పళ్ళానికి నాలుగు వచ్చి, మూడు చేతిలో మిగిలాయి. "ఇవేం చెయ్యను అమ్మమ్మా, సమానంగా రావడంలేదు" అన్నాడు. "ఆ మిగిలినవాటి పేరే నీ రిమైండరు. మీ అమ్మ చదువుకున్న పుస్తకంలో శేషం అన్నారు. వంటింట్లో మిగులు అంటాం. నిన్ను చూడు, మీ అమ్మ నాన్నా అంటుంది, బళ్ళో ఇంకో పేరుతో పిలుస్తారు, నేను బుజ్జీ అంటాను, వున్నది నువ్వొక్కడివే గదా!" అన్నాను. పళ్ళెంలో పడిన నాలుగూ భాగఫలం, కోషెంటు. పంచిన ఇరవైమూడూ విభాజ్యం, డివిడెండు. పళ్ళాలు అయిదూ విభాజకం, డివైజరు. ఆ రోజు నాలుగు మాటలూ చెప్పలేదు సుమండీ. మిగిలినదొక్కటే చెప్పి, జంతికలు తినేయమన్నాను. తక్కినవి తరవాతి మూడు రోజుల్లో వచ్చాయి. ఒకే రోజు పది మాటలు నెత్తిన పెడితే పదీ జారిపోతాయి. ఒక మాటని ఇవాళ జంతికలతో, రేపు గాజులతో, ఎల్లుండి బస్సు చిల్లరతో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేట్టు చూస్తే అది నిలుస్తుంది. పదిసార్లు కాపీ రాయించడం నేనూ చేయించాను. చేతిరాత బాగుపడింది, అంతే.

పిల్లల్ని ఎక్కువగా ముంచేవి కొత్త మాటలు కావని నా అనుభవం. పాత మాటలే కొత్త అర్థంతో వచ్చి ముంచుతాయి. భిన్నాల పాఠంలో "లవం, హారం" అంటే మా పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. లవుడెవరో తెలుసు, కుశుడేడీ అనేవాళ్ళు. హారం మెళ్ళో వేసుకునేది గదా అనేవాళ్ళు. వాళ్ళ తప్పేముంది? "లవలేశమైనా లేదు" అంటాం చూశారా, ఆ లవమే ఇది, చిన్న ముక్క. భాగహారంలో వున్న హారమే ఆ హారం, ముక్కలు చేసేది. ఇట్లా చెబితే నవ్వు ఆగదు గాని, మాట మటుకు మనసులో కూర్చుంటుంది. "ఘనం" అన్నామనుకోండి, పెళ్ళి ఘనంగా చేశారని వినివుంటాడు గాని, పాచిక ఆకారాన్ని ఘనమంటారనీ, రాయిలాంటి గట్టి పదార్థం ఘనపదార్థమనీ ఎవరూ చెప్పివుండరు. ఇంగ్లీషు మీడియం పిల్లలకైతే ఈ బాధ రెట్టింపు. టేబులంటే బల్ల, లెక్కల్లో ఎక్కం. వాల్యూమంటే టీవీ చప్పుడు, లెక్కల్లో ఘనపరిమాణం. ఆడ్ అంటే వింతైనది, లెక్కల్లో బేసిసంఖ్య. ఏడుకీ నాలుగుకీ డిఫరెన్సు ఏమిటని అడిగితే, ఒకటో తరగతి పిల్ల ఒకర్తి నాతో, "ఏడుకి మెలిక వుంటుంది, నాలుగుకి తోక వుంటుంది" అంది. తప్పని కొట్టిపారేయడానికి మనసొప్పుతుందా చెప్పండి? తేడా అని ఆమెకు తెలిసిన అర్థంలో సరిగ్గానే చెప్పింది. అందుకని పిల్ల తప్పు చెప్పినప్పుడు, "ఎందుకలా అనుకున్నావమ్మా?" అని ఒక్క ప్రశ్న వేసి చూడండి. సగం తప్పుల వెనక ఏదో ఒక సబబు కనబడుతుంది.

అరకొర అక్షరాల మాటలు ఇంకొక తంటా. "కసాగు" అని అయిదో తరగతి పిల్లలు అంటూ వుంటే, అదేదో వూరి పేరనిపించేది నాకు. కనిష్ఠ సామాన్య గుణిజమని విప్పి చెప్పినా వాళ్ళకి వూరు దొరకదు. ఇంట్లో నాలుగు రోజులకోసారి ఇడ్లీ, ఆరు రోజులకోసారి పెసరట్టు వేస్తారనుకోండి. రెండూ ఒకే రోజున ఎప్పుడు పడతాయో క్యాలెండరు మీద చుక్కలు పెట్టించండి. పన్నెండో రోజున పడతాయి. అదీ కసాగు.

ఇక వంటింట్లో నాకు అన్నిటికంటె ఇష్టమైన పాఠం కూరల బుట్ట. మొక్క భాగాలు మూడో తరగతినుంచీ చెబుతూనే వుంటారు. వేరు, కాండం, ఆకు, పువ్వు, ఫలం. పుస్తకంలో మందారం మొక్క బొమ్మ వేసి బాణం గుర్తులు పెడతారు. పిల్లలు బొమ్మ చూసి అప్పజెబుతారు. అదే పిల్లని కూరల బుట్ట ముందు కూర్చోబెట్టి, "వీటిలో వేర్లేవి, కాండాలేవి, ఫలాలేవి, వేరుచెయ్యి" అనండి. చూడండి తమాషా!

ముల్లంగి, క్యారెట్ వేర్లని చప్పున పట్టేస్తారు. టమాటా, వంకాయ, బెండకాయ దగ్గర ఆగుతారు. "ఇవి కాయలు గదా, ఫలాలెలా అవుతాయి?" అంటారు. మన భాషలో పచ్చిది కాయ, మాగితే పండు. శాస్త్రంలో వేరే లెక్క. పువ్వునుంచి వచ్చి, లోపల గింజలుంటే అది ఫలమే, మనం వేపుడు చేసుకున్నా, పులుసు పెట్టుకున్నా. బెండకాయ అడ్డంగా కోసి చూపించండి, గింజలు వరసగా కనబడతాయి. ఇక దుంపల దగ్గర పెద్దవాళ్ళమే తప్పుతాం. బంగాళాదుంపా దుంపే, చిలగడదుంపా దుంపే. కాని చిలగడదుంప వేరు, బంగాళాదుంప కాండం. నమ్మకం కలగకపోతే బంగాళాదుంప వారం రోజులు గూట్లో వదిలెయ్యండి. దాని కళ్ళలోనుంచి మొలకలొస్తాయి. కొమ్మ మీద మొగ్గలొచ్చినట్టే అది. అల్లం, పసుపుకొమ్ము కూడా భూమిలో దాక్కున్న కాండాలే. మనవాళ్ళు పసుపుని వేరనకుండా "కొమ్ము" అనడం నాకెప్పుడూ ముచ్చటగానే వుంటుంది. ఆ పేరు పెట్టినవాళ్ళు శాస్త్రం చదివి పెట్టలేదనుకోండి.

ఇక్కడొక మెళకువ చెప్పాలి. పిల్లకి మాట వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే, "కాండమంటే ఏమిటి?" అని అడగవద్దు. పుస్తకంలో వాక్యం వల్లిస్తుంది, నా లంక పిల్లవాడిలాగే. "ఇది కాండమా, కాదా? ఎందుక్కాదు?" అని అడగండి. అయినవాటితోపాటు కానివాటినీ చూపిస్తేనే మాటకి గట్టు ఏర్పడుతుంది.

నీటి పాఠానికి ఇడ్లీపాత్ర మూత చాలు. పొయ్యి మీద నీళ్ళు ఆవిరైపోవడం బాష్పీభవనం. మూత తీసి తిరగేస్తే లోపల చుక్కలు చుక్కలుగా నిలిచిన నీరు, ఆ ఆవిరి చల్లబడి మళ్ళీ నీరవడం, సాంద్రీకరణం. ఇంగ్లీషులో ఇవాపరేషన్, కండెన్సేషన్ అంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట చెమర్చితే చిన్నపిల్లలు సీసా కారుతోందనుకుంటారు. తుడిచి, మళ్ళీ చెమర్చేదాకా చూడమనండి. నీరు సీసాలోది కాదు, గాలిలో వున్న ఆవిరిది. మేఘం పాఠం అక్కడినుంచే ఎత్తుకోవచ్చు. కాలిపోకుండా మూత మీరే తియ్యండి.

కొన్ని మాటలు విడదీస్తే చాలు, అవే అర్థం చెప్పేస్తాయి. పత్రహరితం, ఆకుల్లో వుండే పచ్చన. ఉభయచరం, నీళ్ళల్లోనూ నేల మీదా రెండుచోట్లా తిరిగేది, మన కప్ప. అయస్కాంతం అంటే ఇనుముకి ప్రియమైనదని. ఆ మాట విన్నప్పుడు పిల్లలు సిగ్గుపడి నవ్వుతారు, మరచిపోవడం మాత్రం జరగదు. పీఠభూమిలో వున్నది మనం కూర్చునే పీటే. హైదరాబాదులో వుంటున్న పిల్లలు దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున పీట వేసుకుని కూర్చున్నారన్నమాట. ద్వీపకల్పం అంటే దాదాపు ద్వీపంలాంటిది. విచిత్రమేమిటంటే ఇంగ్లీషువాళ్ళ పెనిన్సులాకీ లాటిన్‌లో అర్థం దాదాపు ద్వీపమనే. డెల్టా అన్నది గ్రీకువాళ్ళ నాలుగో అక్షరం పేరు. పెద్దబడి ఆకారం మూడు కోణాలు. మన కృష్ణా, గోదావరి పటం పక్కన ఆ అక్షరం గీసి చూపిస్తే చాలు.

అన్ని మాటలకీ ఈ మంత్రం పనిచెయ్యదని కూడా ఒప్పుకోవాలి. కిరణజన్య సంయోగక్రియని ఎంత విడదీసినా మూడో తరగతి పిల్లకి నోరు తిరగదు. ఆ వయసుకి "ఆకు ఎండలో తన అన్నం తాను వండుకుంటుంది" అంటే సరిపోతుంది, పేరు తరవాత వస్తుంది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక కళాశాలల పిల్లల కోసం ఎన్నో పారిభాషిక పదాలు స్థిరపడ్డాయి, మంచిపనే. కాని పెద్ద చదువుల మాటలు చిన్న క్లాసుల్లోకి తొందరపడి దిగిపోతే పిల్లలకి భయం పట్టుకుంటుంది. మన వూళ్ళ మాట ముందు, పుస్తకం మాట వెనక. లంక ముందు, ద్వీపం వెనక.

"మా పిల్లలది ఇంగ్లీషు మీడియం గదండీ, తెలుగులో చెబితే చెడిపోరూ?" అని చాలామంది అడుగుతారు. చెడిపోరు. వస్తువు తెలిసినవాడికి రెండో పేరు నేర్పడం తేలిక. వస్తువే తెలియనివాడికి ఏ భాషలో పేరు చెప్పినా చప్పుడే. ప్రభుత్వాలకూ ఇది తోచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో ఇంగ్లీషు మీడియం పెట్టిన 2022-23 నుంచి, ప్రభుత్వ బడులకు ఒక పక్క ఇంగ్లీషు, ఎదుటి పక్క తెలుగు వుండే పుస్తకాలు అచ్చువేశారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా, వీలైనచోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించాలంటుంది. అలాంటి పుస్తకం ఒకటి సంపాదించి పెట్టుకోండి. మీ పిల్ల చదివే ప్రైవేటు బడి పుస్తకం వేరైనా, లెక్కల్లో, సైన్సులో మాటలు చాలా మటుకు అవే. పిల్ల ఇంగ్లీషు పేజీ చదువుతూ వుంటే మీరు తెలుగు పేజీ చదవండి. తెలుగు మీడియంలో చదివామని సిగ్గుపడనక్కర్లేదు. అది మీ చేతిలో వున్న సగం పుస్తకం.

ఇంతకీ మా పక్కింటి సంగతి. ట్యూషను మాట ప్రస్తుతానికి ఆగింది. మార్కులు ఆకాశానికి ఎగిరాయని చెప్పను. మొన్నటి పరీక్షలో పదమూడొచ్చాయి. రిమైండరు మాత్రం ఖాళీ వదల్లేదు. నిన్న పొద్దున్నే ఆ పిల్లవాడు ఉల్లిపాయ పట్టుకుని మా యింటికొచ్చాడు. "అమ్మమ్మా, అమ్మ ఇది వేరంటోంది. కింద సన్నగా వున్నవే వేర్లు, పైదంతా వేరు కాదు అని నేనంటున్నాను. మీరు చెప్పండి" అన్నాడు. వెనకాలే వాళ్ళమ్మ, చేతికి పిండితో. నేనేమీ చెప్పలేదు, కత్తిపీట ముందుకు జరిపాను. నిలువుగా కోశాం. అడుగున బిళ్ళలా గట్టిగా వున్నది కాండం. దానిమీద పొరలు పొరలుగా వున్నవన్నీ ఆకుల అడుగుభాగాలు. "అయితే మనం రోజూ కూరలో వేసేది ఆకేనా పిన్నిగారూ!" అని తల్లి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. పిల్లవాడు ఆమెకేసి గర్వంగా చూశాడు గాని, అప్పటికే ముగ్గురికీ కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. ఉల్లిపాయ కోస్తే కళ్ళు ఎందుకు మండుతాయని వాడి తరవాతి ప్రశ్న. దానికి జవాబు వాళ్ళ టీచరుగారినే అడగమన్నాను.

సెలవు.